కొసచేను వంతు

నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి వర్క్ ఇన్‌స్పెక్టరుగానే దిగిపోయాను. అంత నిలకడ మా శాఖలో ఏ కాలువ గట్టుకూ లేదు. రిటైరైనవాళ్లు జ్ఞాపకాలు రాస్తే తాము పూడ్చిన గండ్ల గురించి, ఆపిన వరదల గురించి రాస్తారు. అర్ధరాత్రి ఇసుక బస్తాలు మోయించిన కథలు నాకూ ఉన్నాయి. పెళ్లిళ్లలో చెప్పి చెప్పి అవి అరిగిపోయాయి. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొచ్చేది నేను చేసిన ఒక తెలివితక్కువ పని. అందుకే దాన్ని రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. వాళ్లందరూ ఇప్పటికీ నన్ను చూస్తే టీ ఇప్పిస్తారు, ఆ టీ పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

పిడుగురాళ్లకూ బెల్లంకొండకూ మధ్య ఒక చెరువుంది. ఒకప్పుడు దాని కింద పొలాలు పారేవి. కాలువ వచ్చాక ఆ పొలాలన్నీ కాలువ కిందికి వెళ్లిపోయాయి, చెరువును అందరూ మరిచిపోయారు. మనుషులు మరిచిపోయిన చోటు పిట్టలకు బాగా నచ్చుతుంది. చెరువు నడుమ నల్లతుమ్మ చెట్లు ఒక గుంపుగా లేచాయి, అంచుల్లో జమ్ము పెరిగింది. ఏటా వానలు పడ్డాక పెద్ద కొంగలు వచ్చేవి. నత్తలు తినే రకం, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. అవి ఆ తుమ్మల మీద గూళ్లు కట్టి చలికాలమంతా పిల్లల్ని సాకేవి. కింద పొదల్లో తెల్లకొంగలు, నీటికాకులు ఉండేవి. నడుం లోతు నీళ్లు దాటి అక్కడికి పోయే అవసరం ఎవరికీ రాలేదు.

ఆ చెరువును పట్టించుకున్న మొదటి మనిషి పిడుగురాళ్లలో మోటారు సైకిళ్లు బాగుచేసే ఒక మెకానిక్కు. అందరూ భాయ్ అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. ఒకసారి హైవే మీద లారీ తగిలి రెక్క విరిగిన కొంగ ఒకటి ఆయన షాపులో స్పేరు పార్టుల మధ్య పదిరోజులు ఉందట. "దానికి కాలు నేలమీద నిలిచినాక నా కాలు షాపులో నిలవలేదు సార్" అనేవాడు. ఆదివారం షాపు మూసి మనుషుల్ని పోగుచేసేవాడు. సున్నపురాయి క్వారీల్లో పనిచేసేవాళ్లు, లారీ డ్రైవర్లు, ఇద్దరు టీచర్లు, ఆ చుట్టుపక్కల ఊళ్లకు తిరిగే ఒక నర్సమ్మ ఆ గుంపులో ఉండేవాళ్లు. పైసా ఆశించని పని. గట్టు మీద ప్లాస్టిక్ ఏరేవాళ్లు, వలలు వేసేవాళ్లకు దండం పెట్టి పంపేవాళ్లు.

నర్సమ్మ మాత్రం కొంగల్ని గర్భిణీ స్త్రీలను చూసినట్టే చూసేది. ఒక పొడుగు నోటుపుస్తకంలో ఒక్కో చెట్టుకు ఒక పేజీ. ఏ గూట్లో గుడ్లు ఎప్పుడు కనిపించాయి, పిల్లలెన్ని, ఎప్పుడు ఎగిరాయి, అన్నీ రాసేది. నాకది నవ్వులాటగా ఉండేది.

నా రిటైర్మెంటుకు ఇక నాలుగైదు నెలలే ఉందనగా, ఆ ఏడు చెరువును గుర్రపుడెక్క కమ్మేసింది. నీళ్లు కనపడకుండా పచ్చటి దుప్పటి పరిచినట్టుంది. నత్తలు పట్టుకోవడానికి కొంగలకు జాగా లేదు. డెక్క తీసేస్తామని భాయ్ వాళ్లు అర్జీ పెట్టుకున్నారు. మా ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, కుర్రవాడు, చురుకైనవాడు. నన్ను పిలిచి, "ఇన్‌స్పెక్టర్ గారూ, వీళ్లకు మనం సహకరించాలని పైనుంచి ఫోను. మీరే చూసుకోండి" అన్నాడు.

చూసుకున్నాను. అసలు కథ అదే.

మా శాఖలో నీళ్లల్లో పని చెయ్యరు. నీళ్లు తీసేసి పని చేస్తారు. తూము బాగుచెయ్యాలన్నా, పూడిక తీయాలన్నా, ముందు నీళ్లు దించాలి. నేను చేరిన మొదటి వారంలో మా మేస్త్రి నేర్పిన పాఠం అది, ముప్పై మూడేళ్లలో ఎన్నడూ తప్పలేదు. తప్పని పాఠాన్ని మనిషి ఆలోచించకుండా అప్పజెబుతాడు. శుక్రవారం గట్టు మీద అందరినీ నిలబెట్టి నేనూ అప్పజెప్పాను.

"రెండున్నర అడుగులు దించుదాం. డెక్క బురద మీద కూర్చుంటుంది. చాప చుట్టినట్టు చుట్టుకుంటూ పోవచ్చు."

"సూపర్ సార్" అన్నాడు భాయ్. "మేం లారీ ట్యూబులేసుకొని ఈదుదామనుకుంటన్నాం."

నర్సమ్మ నోటుపుస్తకం ఛాతీకి అదుముకుని వెనక నిలబడి ఉంది. "సార్, నీళ్లు దిగితే చెట్ల కాడికి కుక్కలు పోవా? గూళ్లల్లో పిల్లలున్నయ్ గదా" అంది.

"అమ్మా, సూదెయ్యటం మీకు తెలుసు. నీళ్లు దించటం నాకు తెలుసు. బుధవారం మైనరుకు నీళ్లొస్తాయి, మళ్లీ నింపేస్తా" అన్నాను. మైనరంటే మేజరు కాలువనుంచి చీలే పిల్లకాలువ. చెరువుకు నీళ్లు దాని మీదుగానే రావాలి.

అందరూ నవ్వారు. ఆమె కూడా మర్యాదకు కొంచెం నవ్వి పుస్తకం సంచిలో పెట్టుకుంది. అప్పటికే ఒక వాన పడి వారమైంది, చేలల్లో పదునుంది. అందుకని చెరువు నీళ్లను చేలకు కాకుండా వాగులోకి వదిలేశాను. తూము నేనే తిప్పాను.

ఆదివారం పని పండగలా సాగింది. క్వారీ వాళ్లు డెక్కను గుట్టలుగా లాగి గట్టు మీద పడేశారు. టీచర్లు బురదలో జారిపడ్డారు. భాయ్ బిర్యానీ తెప్పించాడు. మా ఏఈ వచ్చి ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాడు, పైఅధికారులు చప్పట్ల బొమ్మలు పంపారు. ఒక ఫోటోలో నేను నడుం మీద చేతులు పెట్టుకుని చెరువును చూస్తున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. పొగరెక్కినప్పుడల్లా తీసి చూసుకుంటాను.

సోమవారం సాయంత్రం ఆర్డరొచ్చింది. పైన డ్యాములో నీళ్లు తక్కువ, బుధవారం నీళ్లు రావు, మళ్లీ సోమవారమే వస్తాయి. అదీ నాలుగే రోజులు. ఆ నాలుగు రోజులూ వారబందీ ప్రకారం, అంటే ఏ రోజు ఎవరి పొలానికని ముందే పంచిన వంతుల ప్రకారం, రైతులకు రాసి ఉన్నాయి. చెరువుకు చుక్క లేదు.

మంగళవారం పొద్దున్నే నర్సమ్మ ఫోను చేసింది. "సార్, ఒకసారి రండి" అంది.

వెళ్లాను. బురద ఎండి పైన పొర కట్టింది. ఆ పొర మీద గట్టునుంచి చెట్ల దాకా కుక్కల అడుగులు బారులుగా ఉన్నాయి. కింది పొదల్లో తెల్లకొంగల గూళ్లు ఒక్కటీ మిగల్లేదు. బురదంతా ఈకలు. బావురుపిల్లి ఒకటి పైకొమ్మలు కూడా ఎక్కినట్టుంది. చెట్ల కింద నాలుగు కుక్కలు మూతులు పైకెత్తి పడుకుని ఉన్నాయి. పెద్దకొంగలు అవతలి గట్టు మీద వరసగా నిలబడ్డాయి. కుక్కలుండగా గూళ్ల మీద వాలలేవు. పైన పిల్లలు ఆకలికి ముక్కులు టకటకలాడిస్తున్నాయి. ఆ చప్పుడు నాకు ఇంటికెళ్లాక కూడా వినపడింది.

నర్సమ్మ పుస్తకం తెరిచి పేజీల మీద అడ్డగీతలు కొట్టుకుంటూ వస్తోంది. "నేను ఆ రోజే చెప్పా గదా" అంటుందని ఎదురుచూశాను. అంటే ఏదో ఒక జవాబు చెప్పి ఒడ్డున పడేవాణ్ణి. అనలేదు. "ఇంకా బతికున్నయ్ సార్, ఏందన్నా చెయ్యాల" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నప్పుడు మా నాయనమ్మ ఊరికే అనలేదు.

ఆఫీసుకెళ్లి ఏఈకి చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా అన్నాడు: "షట్టరు పాతది. లీకేజీ వల్ల మట్టం తగ్గిందని రిజిస్టర్లో రాయండి. ఇద్దరికీ గొడవుండదు. మీ పెన్షన్ కాగితాలు కదులుతున్న టైము కూడా."

చెడ్డవాడు కాదు, నా మేలు కోరే చెప్పాడు. ఆ సలహా నాకు కొత్త కూడా కాదు. తప్పు జరిగితే మా శాఖలో మనిషి పేరు రాయరు. షట్టరో, పూడికో, ఎలకబొరియో చేసినట్టు రాస్తారు. మా రిజిస్టర్లు చదివితే ఈ జిల్లాలో జరిగిన అన్యాయాలన్నీ ఎలకలే చేశాయనుకోవాలి.

భాయ్ వాళ్లు మాత్రం ఎవరు చేశారని అడగలేదు. భాయ్ షాపు మూసేసి వచ్చాడు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని పగలంతా కర్రలతో కుక్కల్ని తోలారు. బురదలో దిగి చెట్ల గుంపు చుట్టూ చిల్లకంప అడ్డం వేశారు. కంప ఒక్కటే చాలదని క్వారీ మేస్త్రి ఒకాయన తేల్చాడు. "చెరువంతా నింపే పనేముంది సార్? చెట్ల చుట్టూ కందకం కొడదాం. దాంట్లో నీళ్లుంటే కుక్క దాటదు, పిల్లీ దాటదు. ఒక్క రోజు నీళ్లయితే చాలు" అన్నాడు. ఇంత చిన్న ఆలోచన నాకు తట్టలేదు. నాకు తెలిసిందల్లా చెరువు నింపడం, చెరువు దించడం.

కందకం పనికి నర్సమ్మ పెట్టిన షరతు ఒక్కటే, మాట్లాడకూడదు. రాళ్లు పేల్చేచోట అరుచుకుంటూ బతికే మనుషులు నాలుగు రోజులు గడ్డపార చప్పుడు తప్ప నోరు మెదపకుండా పనిచేశారు. ఎవరికైనా దగ్గొస్తే గట్టు దాకా పరిగెత్తి దగ్గి వచ్చేవాడు. గంట పని, గంట విరామం. ఆ విరామంలో కొంగలు భయపడుతూ వాలి పిల్లలకు మేత పెట్టి లేచేవి. నేనూ పార పట్టాను. నాకెవరూ పని చెప్పలేదు, వద్దనీ అనలేదు.

కందకం తయారైంది. ఇక నీళ్లు కావాలి. దానికి ఒక రైతు తన వంతు వదులుకోవాలి. మిరప పూత మీదుంది. పల్నాటిలో ఆ సమయంలో నీళ్లడగడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున పాలకేంద్రం దగ్గర, పాలు పోసే వేళకు రైతులందరూ ఉంటారని వెళ్లాను. నర్సమ్మ, భాయ్ వచ్చారు. సంగతి చెప్పాను. నీటిసంఘం పెద్దాయన బెంచీ మీద కూర్చుని మొత్తం విన్నాడు.

"ఏందయ్యా ఇనస్పెట్రూ, ఉన్న నీళ్లు వాగులో పోసి ఇప్పుడు మా వంతు అడుగుతన్నావా? ఎవడు పొయ్యమన్నాడు?"

అప్పటిదాకా నోట్లో షట్టరు తిరుగుతూనే ఉంది. లీకేజీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నర్సమ్మ పక్కనే నిలబడి ఉంది, నా వైపు చూడటం లేదు.

"ఎవరూ పొయ్యమనలా. నేనే దించా. కుక్కలు పోతాయని ఈ అమ్మ ముందే చెప్పింది, నేనే వినలా. తప్పు నాది" అన్నాను.

తప్పు ఒప్పుకుంటే జనం కరిగిపోతారని కథల్లో ఉంటుంది. ఇక్కడెవరూ కరగలేదు. పైగా గట్టు తెగినట్టయింది. తూము ఎత్తని ఏడు, కాలువ పూడిన ఏడు, ఇరవయ్యేళ్ల కోపాలన్నీ ఒక్కొక్కరే బయటికి తీశారు. అన్నిటికీ నిలబడ్డాను.

అప్పుడు పాలక్యాను పక్కన కూర్చున్న ఒకామె లేచింది. ఊళ్లో ఆమెను కొసచేను అక్క అంటారు. మైనరు చిట్టచివర రెండెకరాల మిరపచేను, భర్త పోయాక తనే చూసుకుంటోంది.

"తప్పు నాదనే మాట వచ్చింది గదా నీ నోట్నుంచి. ఆ నోటితోనే ఇంకోటి చెప్పు" అంది. "అయిదేళ్ల కింద నా చేనెండింది. వంతులు కొసనుంచే మొదలుపెట్టాలని మీ రూలేనంట గదా. మరి నాకెందుకు రాలా? ఆఫీసుకొచ్చి అడిగితే సాంకేతిక కారణమన్నావు. ఏంది ఆ కారణం?"

నాకు కారణం తెలుసు. ఆ ఏడు పైన ఇద్దరు పెద్దరైతులు షట్టరెత్తి ఆమె వంతు నీళ్లు మళ్లించుకున్నారు. నేను పొద్దున చూశాను, చూసీ చూడనట్టు సైకిలెక్కి వెళ్లిపోయాను. ఆ ఇద్దరిలో ఒకాయన ఇప్పుడు బెంచీ మీద కూర్చున్న నీటిసంఘం పెద్ద.

"పైనవాళ్లు మళ్లించుకున్నారమ్మా. నాకు తెలిసే ఊరుకున్నా. సాంకేతిక కారణమేమీ లేదు" అన్నాను.

పేర్లు చెప్పలేదు, అక్కర్లేకపోయింది. పెద్దాయన కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు. నాకు వడ్డించేవాడే లేకపాయె" అంది ఆమె, ఎవరితోనూ కాకుండా. వంగి పాలక్యాను మూత బిగించింది.

"రేపు వంతు నాది. తీసుకో" అంది తర్వాత.

భాయ్ చేతులెత్తి దండం పెట్టబోయాడు.

"ఆగు నాయనా, ఊరికే గాదు. కొంగలంటే నాకేం మోజు లేదు. ఈ నర్సమ్మ నా కోడలి కాన్పుకు వానలో వచ్చింది, అందుకిస్తన్నా. మా ఊళ్లో ఒకళ్ల చేలో ఒకరోజు చేస్తే వాళ్లు మన చేలో ఒకరోజు చేస్తారు. నీళ్లకు గూడా అంతే. నా ఒక్కరోజు నీళ్లకు మీ అందరిదీ ఒకరోజు పని. కాయ కోతకొచ్చినప్పుడు కబురు పెడతా. నువ్వు గూడా రావాల ఇనస్పెట్రూ, గట్టు మీద గొడుగేసుకొని నిలబడటం గాదు, వంగి కొయ్యాల."

సోమవారం తెల్లారకముందే మైనరు తూము దగ్గర కూర్చున్నాను. సాయంత్రం దాకా కదల్లేదు. పైన ఎవరైనా షట్టరు మీద చెయ్యేస్తే అడ్డం పడుకోవాలనుకున్నాను. ఎవరూ రాలేదు. నీళ్లు మెల్లగా పాకి మధ్యాహ్నానికి కందకంలో చేరాయని భాయ్ ఫోను చేశాడు. సాయంత్రం వెళ్లి చూస్తే కుక్కలు కందకం ఒడ్డున నిలబడి మొరుగుతున్నాయి. కాసేపటికి విసుగొచ్చి ఊళ్లోకి పోయాయి. అవతలి గట్టునుంచి ఒక పెద్దకొంగ లేచి చెట్టు మీద వాలింది. వెనకే ఇంకొకటి. నర్సమ్మ పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టింది, నేను పక్కకు తిరిగాను.

ఆ రోజే రిజిస్టర్లో ఉన్నదున్నట్టు రాశాను. చెరువు తూము నా నిర్ణయం మీద తెరిచానని, వచ్చిన నష్టానికి బాధ్యత నాదని రాసి సంతకం పెట్టాను. ఏఈ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను. పెన్షన్ కాగితాలు కొన్నాళ్లు ఎక్కడో నిద్రపోయాయి, తర్వాత లేచాయి. ఆకాశమేమీ విరిగిపడలేదు. ఇంత తేలికని తెలిస్తే ముప్పై మూడేళ్లు ఎలకల మీద వెయ్యకపోదును.

మాఘమాసంలో కబురొచ్చింది. రిటైర్మెంటుకు ఇంకా నెలపైన ఉంది. భాయ్ లారీ మాట్లాడాడు. క్వారీ మేస్త్రి, డ్రైవర్లు, టీచర్లు, నర్సమ్మ, నేను, మొత్తం ఇరవైమందిమి కొసచేనులో దిగాం. నీళ్ల వంతు వదులుకున్నందుకు చేను ఒకవైపు పూత రాలి పలచగా కాసింది. ఆమె దాని గురించి ఎత్తలేదు. వంగి ఎర్రకాయ ఎలా తుంచాలో, కొమ్మ విరక్కుండా ఎలా పట్టుకోవాలో చూపించింది. గంటలో నా నడుం పోయింది, వేళ్లు మండిపోయాయి. "ఇనస్పెట్రూ, నీ సాలు ఇంకా సగం గూడా కాలా" అని అటునుంచి కేకేసేది. ఆడకూలీలు ముసిముసిగా నవ్వేవాళ్లు.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని గోంగూర పచ్చడితో అన్నం తిన్నాం. ఆమె నర్సమ్మ పక్కన చేరింది.

"ఎన్ని బతికినయ్ తల్లీ?"

నర్సమ్మ పుస్తకం తెరిచింది. ఒక్కో చెట్టు పేజీ తిప్పి, ఏ గూట్లో ఎన్ని పోయాయి, ఎన్ని నిలిచాయి, ఏవి ఎప్పుడు ఎగిరిపోయాయి, వేలు పెట్టి చూపిస్తూ చదివింది. పెద్దకొంగల గూళ్లు సగానికి పైగా నిలిచాయి. తెల్లకొంగలవి ఒక్కటీ లేవు. చదువు రాకపోయినా ఆమె ప్రతి పేజీ శ్రద్ధగా చూసింది. కొట్టేసిన గీతల్ని వేలితో తడిమింది.

"పోయినవాటిని గూడా రాశావే" అంది.

"రాయాల గదా పెద్దమ్మా. లేకపోతే అవి ఉన్నయ్యని ఎవరికి తెలుస్తది?"

ఆమె చేను వైపు చూస్తూ, ఏ కోపమూ లేకుండా అంది: "నా చేనెండిన ఏడు గూడా ఎవరన్నా ఇట్టా ఒక్కో మొక్కా రాసుంటే బాగుండేది."

నేను ఆమెకు ఎదురుగా కూర్చుని ఉన్నాను. అన్నం ముద్ద చేతిలో ఉంది. ఆ ఏడు ఆమె చేను గురించి రాయాల్సిన ఉద్యోగం నాదే. నేను రాసింది రెండే రెండు మాటలు: సాంకేతిక కారణం.

మిరపచేలో ఎవరి కళ్లల్లో నీళ్లు తిరిగినా ఎవరూ కారణం అడగరు.